రద్దయిన చట్టం గతాన్ని వదలకపోతే అది రద్దేనా?

వాయిదాల రావు:
కాలం చెల్లిన చట్టాలను మూటగట్టి రద్దు చేశామని ప్రభుత్వాలు చెప్పుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. పట్టణాల్లో ఒకరి చేతిలో ఇంతకు మించి ఖాళీ స్థలం ఉండకూడదన్న 1976 నాటి పట్టణ భూ పరిమితి (సీలింగ్) చట్టాన్ని పార్లమెంటు 1999లో రద్దు చేసింది. ఆ రద్దును మన ఉమ్మడి రాష్ట్రం 2008లో గానీ ఒప్పుకోలేదు. అప్పటికైనా పీడ పోయిందా? అంతకుముందే ప్రభుత్వం స్వాధీనం చేసుకున్న మిగులు భూమికి ఈ రద్దు వర్తించదని ఆ రద్దు చట్టం 3వ సెక్షన్‌లోనే రాశారు. మా నాన్న స్థలం అలాగే పోయింది. చట్టం చచ్చింది, దాని పట్టు మాత్రం సడలలేదు.

చూపుడువేలు:
పార్లమెంటు రద్దు చేసినదాన్ని రాష్ట్రం ఒప్పుకోవడమేమిటి?

నిలకడ:
భూమి రాష్ట్రాల అంశం. కొన్ని రాష్ట్రాలు తీర్మానం చేసి అడిగితే రాజ్యాంగం 252వ అధికరణ కింద పార్లమెంటు ఆ చట్టం చేసింది. కాబట్టి రద్దుకూ రాష్ట్రాల తీర్మానం కావాలి.

ఇక రావు గారికి. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 6వ సెక్షన్ చదవండి. వేరే ఉద్దేశం కనబడితే తప్ప, రద్దు వల్ల అంతకుముందు ఏర్పడిన హక్కులు, బాధ్యతలు, శిక్షలు చెదరవు. అది లేకపోతే ఏమవుతుందో ఆలోచించారా? భారత శిక్షా స్మృతి 2024 జులై 1న పోయింది. జూన్ 30 రాత్రి హత్య చేసినవాణ్ణి తెల్లారేసరికి వదిలేద్దామా?

వాయిదాల రావు:
నేను స్థలం గురించి అడిగితే మీరు హత్య గురించి చెబుతున్నారు. మా నాన్న ఎవరినీ చంపలేదండీ.

పాత దస్త్రం:
మూడు సాగు చట్టాలను 2021 నవంబరు 29న ఉభయ సభలూ చర్చ లేకుండానే రద్దు చేశాయి. అసలు బాధ అది.

నిలకడ:
అది వేరే చర్చ. రావు గారూ, స్థలం నిజంగా స్వాధీనమైందా, లేదా? మీ కేసులో ప్రశ్న అదొక్కటే. కాగితం మీద స్వాధీనం చాలదని 2013లో హరిరాం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టుకు వెళ్లండి.

వాయిదాల రావు:
వెళ్లకుండానే ఈ పేరు పెట్టుకున్నానా? ఇద్దరు సాక్షుల సంతకాలతో ఒక పంచనామా రాసుకున్నారు. ఆ సాక్షులెవరో మా వీధిలో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత కూడా ప్రహరీ మాదే, పన్ను కట్టిందీ మేమే. అయినా వాయిదాలకు తిరుగుతూనే ఉన్నాను. సెక్షన్లు వల్లించడం తేలిక. మీది పోలేదు కాబట్టి మీకు న్యాయశాస్త్రం కనిపిస్తోంది.

నిలకడ:
నాది పోలేదు, నిజమే. నాకు వచ్చింది. మా అమ్మకు పట్టా ఇచ్చిన యాభై గజాలు సీలింగ్ మిగులు భూమిలోవే. మీరు కోరినట్టు రద్దు వెనక్కి పాకితే నేను ఈ పోస్టు రాస్తున్న గది మాది కాకుండా పోతుంది. ఇంకా దాచడం ఎందుకు, ఆ చట్టాన్ని రద్దు చేయడమే తప్పంటాను. కొందరి చేతుల్లో ఎకరాలకు ఎకరాలు ఖాళీగా ఉంటే, మాలాంటివాళ్లు ఎక్కడ ఉండాలి?

చూపుడువేలు:
అంటే ఇంతసేపూ 6వ సెక్షన్ అడ్డుపెట్టుకుని చట్టాన్నే సమర్థిస్తున్నారన్నమాట.

నిలకడ:
సెక్షన్ తప్పు చెప్పానా?

వాయిదాల రావు:
చెప్పలేదు. మీ ఇల్లు నాకు వద్దు. ఆ చట్టంలో పరిహారానికి ఏం రాశారో చూడండి. ఎంత మంచి స్థలమైనా చదరపు మీటరుకు పది రూపాయలు దాటకూడదు, మొత్తం రెండు లక్షలు మించకూడదు. పేదలకు ఇవ్వాలనుకుంటే ప్రభుత్వం ధర కట్టి కొని ఇవ్వాలి. దానం మీ పేరిట, ఖర్చు మా నాన్న పేరిటా?

నిలకడ:
మార్కెట్ ధర కట్టాలంటే ఒక్క పట్టా కూడా వచ్చేది కాదు. పది రూపాయలు అన్యాయమేనని ఒప్పుకుంటాను. రద్దు చేసినప్పుడు ఆ పరిహారాన్ని సరిచేసి ఉండాల్సింది.

వాయిదాల రావు:
ఆ మాట మొదటే అంటే హత్యల దాకా వెళ్లేవాళ్లం కాదు. అయినా రద్దు తప్పన్న మీ మాట ఒప్పుకోను. సోమవారం మళ్లీ వాయిదా ఉంది, వచ్చాక రాస్తాను.