2024–25 ఐ-లీగ్ టైటిల్: మైదానంలోని 40 పాయింట్లా, లొసాన్ ఇచ్చిన 42 పాయింట్లా?

దక్కన్ గ్యాలరీ

భారత ఫుట్‌బాల్‌లో రెండో అంచె పోటీ అయిన ఐ-లీగ్‌కు 2024–25 సీజన్ విజేత ఎవరన్నది ఆఖరి మ్యాచ్ ముగిసిన 103 రోజులకు గానీ తేలలేదు. ఏప్రిల్ 6న ఆట ముగిసేసరికి గోవాకు చెందిన చర్చిల్ బ్రదర్స్ 22 మ్యాచ్‌లలో 40 పాయింట్లతో మొదటి స్థానంలోనూ, ఇంటర్ కాశీ 39 పాయింట్లతో రెండో స్థానంలోనూ ఉన్నాయి. జులై 18న స్విట్జర్లాండ్‌లోని లొసాన్ నుంచి క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం తీర్పు వెలువడ్డాక కాశీ 42 పాయింట్లతో విజేత అయింది. దేశంలో పై అంచె పోటీ అయిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో అడుగుపెట్టే అవకాశం కూడా దానితోనే దక్కింది.

గొడవకు మూలం జనవరి 13న పంజాబ్‌లోని శ్రీ భైణీ సాహిబ్‌లో జరిగిన మ్యాచ్. అందులో నామ్‌ధారి ఎఫ్‌సీ 2–0తో కాశీని ఓడించింది. అయితే నామ్‌ధారి దించిన బ్రెజిల్ ఆటగాడికి అప్పటికే నాలుగు పసుపు కార్డులు ఉన్నాయనీ, సస్పెన్షన్ కారణంగా అతను ఆ మ్యాచ్ ఆడకూడదనీ కాశీ ఫిర్యాదు చేసింది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య క్రమశిక్షణ కమిటీ ఆ ఫిర్యాదును అంగీకరించి కాశీకి 3–0 విజయం ఇచ్చింది. అప్పీల్ కమిటీ ఆ నిర్ణయాన్ని ముందు నిలిపివేసి, సీజన్ ముగిశాక ఏప్రిల్ 18న కొట్టివేసింది. మర్నాడే సమాఖ్య చర్చిల్‌ను విజేతగా ప్రకటించింది, ఆ నెలలోనే ట్రోఫీ కూడా చేతికిచ్చింది. జూన్ 17న లొసాన్ న్యాయస్థానం ఈ నామ్‌ధారి వివాదంలో కాశీ పక్షాన నిలిచింది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. న్యాయస్థానం తీర్పు సరైనదే. అయినా చర్చిల్‌కు అన్యాయం జరిగింది. ఈ రెండు మాటలకూ పొంతన లేదని కొందరు అనవచ్చు గానీ, నాకు మాత్రం రెండూ ఒకే కారణం నుంచి వచ్చినవిగా కనిపిస్తాయి. జనవరి 13కూ ఏప్రిల్ 6కూ మధ్య 83 రోజులు ఉన్నాయి. అన్ని రోజుల్లో ఒక ఆటగాడి కార్డుల లెక్కను తుది నిర్ణయం దాకా తీసుకెళ్లలేకపోవడమే ఈ సీజన్‌ను పాడుచేసింది. మీరేమంటారు?

గోల్‌లైన్

గ్యాలరీ గారూ, తీర్పు సరైనదే అన్న మీ మొదటి మాట దగ్గరే నాకు పేచీ ఉంది. నామ్‌ధారి తప్పు చేసిందనుకుందాం, అప్పుడు శిక్ష నామ్‌ధారికే పడాలి. ఆ క్లబ్బు గెలిచిన మూడు పాయింట్లు తీసేయండి, జరిమానా వేయండి, ఆటగాడిని మరిన్ని మ్యాచ్‌లకు దూరం పెట్టండి. మైదానంలో 0–2తో ఓడిన జట్టుకు మూడు పాయింట్లు బహుమతిగా ఇవ్వడం ఎందుకు? ఆ బహుమతి ఖరీదు కట్టింది నామ్‌ధారి కాదు, ఆ రోజు ఆ ఊళ్లో లేని చర్చిల్. మూడో పక్షం, ఏ తప్పూ చేయని పక్షం, దానివల్ల టైటిల్‌నూ పై అంచెకు వెళ్లే దారినీ పోగొట్టుకుంది.

చర్చిల్ చిన్న క్లబ్బేమీ కాదు. 2008–09లోనూ 2012–13లోనూ ఐ-లీగ్ గెలిచింది, అప్పట్లో అదే దేశంలో పై అంచె. ఆ క్లబ్బు పదేళ్లకు పైగా ఎదురుచూసి సంపాదించుకున్న 40 పాయింట్లను కాగితాలు తారుమారు చేశాయి. పైగా కాశీ పేరు పెట్టుకున్న జట్టు ఆ సీజన్‌లో తన సొంత మ్యాచ్‌లను పశ్చిమ బెంగాల్‌లోని కల్యాణిలో ఆడింది. వారణాసి ప్రేక్షకుడు తన ఊరి జట్టును చూడలేని స్థితిలో ఆ క్లబ్బుకు దొరికిన ఈ గెలుపు గురించి నాకు ఉత్సాహం కలగడం లేదు.

నిబంధనావళి

గోల్‌లైన్ గారి చివరి మాటను పక్కన పెడదాం. జట్టు ఎక్కడ ఆడుతోందన్నది వేరే చర్చ, దానికీ పసుపు కార్డులకూ సంబంధం లేదు.

అర్హత లేని ఆటగాడిని దించితే ఎదుటి జట్టుకు 3–0 విజయం ఇవ్వడం భారత సమాఖ్య ఒక్కటే కనిపెట్టిన పద్ధతి కాదు, ఫిఫా క్రమశిక్షణ నియమావళిలో ఉన్నదే. దాని వెనుక గట్టి కారణం ఉంది. మీరన్నట్టు తప్పు చేసిన జట్టుకు మాత్రమే పాయింట్లు తగ్గిస్తే, పట్టికలో మధ్యన ఉండి పైకి వెళ్లే ఆశా కిందికి పడే భయమూ లేని జట్టు, సస్పెన్షన్‌లో ఉన్న తన మంచి ఆటగాడిని దించి ఎవరి టైటిల్ ఆశనైనా దెబ్బతీయవచ్చు. పోయేది ఎలాగూ దానికి అక్కరలేని మూడు పాయింట్లే. దెబ్బతిన్న జట్టుకు మాత్రం ఏ పరిహారమూ ఉండదు. ఆ మ్యాచ్‌లో కాశీ ఎదుర్కొన్నది నిబంధనలు అనుమతించిన పదకొండు మందిని కాదు. అందుకే దాన్ని ‘ఓడిన మ్యాచ్’ అనడమే సరికాదు.

చర్చిల్‌కు నష్టం జరిగింది నిజమే. పాయింట్ల పట్టిక అంటేనే ప్రతి జట్టు ఫలితమూ మిగతా అన్నింటి మీదా పడేది. నామ్‌ధారి గెలుపు నిలిచి ఉంటే దాని వల్ల లాభపడేది కూడా చర్చిలే కదా. ఆ లాభానికి మాత్రం చర్చిల్‌కు హక్కు ఎక్కడి నుంచి వచ్చింది?

విశాఖ వింగర్

నాకు తోచిన పరిష్కారం ఒకటి చెబుతాను. ఇద్దరినీ ఐఎస్ఎల్‌కు పంపితే సరిపోయేది. సమాఖ్య తీరు వల్లే గందరగోళం వచ్చినప్పుడు రెండు క్లబ్బులకూ ఊరట ఇవ్వడం సమాఖ్య బాధ్యత. రెండు పాయింట్ల తేడా కోసం ఒక క్లబ్బు భవిష్యత్తును తుడిచేయడం ఏం న్యాయం?

దక్కన్ గ్యాలరీ

వింగర్ గారూ, మీ ఉద్దేశం మంచిదే గానీ హైదరాబాద్‌లో కూర్చుని నేను దీన్ని ఒప్పుకోలేను. ఐ-లీగ్‌లో ఆడిన మన శ్రీనిధి దక్కన్ క్లబ్బు సంగతి గుర్తు చేసుకోండి. 2022–23లో 42 పాయింట్లతో రెండో స్థానం, 52 పాయింట్ల పంజాబ్ పైకి వెళ్లింది. 2023–24లో 48 పాయింట్లతో మళ్లీ రెండో స్థానం, 52 పాయింట్లతో మొహమ్మడన్ స్పోర్టింగ్ పైకి వెళ్లింది. ఆ రెండేళ్లూ అజీజ్‌నగర్‌లోని డెక్కన్ ఎరీనాకు వెళ్లి ఆ జట్టును చూసినవాళ్లు, ఒక్క స్థానం తేడాతో ద్వారం మూసుకుపోవడాన్ని కళ్లారా చూశారు. ‘పై అంచెకు విజేత ఒక్కరే’ అన్న నియమాన్ని అప్పుడు మనం సరేనన్నాం. 2025లో మాత్రం సమాఖ్య ఇబ్బందిలో పడింది కనుక రెండో జట్టును కూడా పంపుదామంటే, రెండుసార్లు రెండో స్థానంలో నిలిచిన శ్రీనిధికి ఏం సమాధానం చెబుతాం? నగరానికి ఉన్న ఐఎస్ఎల్ క్లబ్బు, 2021–22 సీజన్‌లో ఆ టైటిల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. ఇక ఈ రాష్ట్రాల అభిమానికి పై అంచె చేరే దారి ఐ-లీగ్ ఒక్కటే. ఆ దారి నియమం ప్రకారం నడవాలన్న పట్టుదల నాకు అందుకే ఎక్కువ.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. గోల్‌లైన్ గారూ, నిబంధనావళి గారూ మూడు పాయింట్లు ఎవరివని వాదిస్తున్నారు. నన్ను కలవరపెట్టేది ఆఖరి రోజు. ఏప్రిల్ 6 ఉదయానికి పట్టికలో చర్చిల్‌కు 39, గోకులం కేరళకు 37, రియల్ కశ్మీర్‌కూ కాశీకీ 36 చొప్పున పాయింట్లు ఉన్నాయి. శ్రీనగర్‌లో రియల్ కశ్మీర్‌తో ఆడుతున్న చర్చిల్‌కు ఆ పట్టిక ప్రకారం డ్రా చాలు. 1–1తో డ్రా చేసుకుంది. అదే సమయంలో కోళిక్కోడ్‌లో డెంపో చేతిలో గోకులం 3–4తో ఓడింది, కాశీ 3–1తో రాజస్థాన్ యునైటెడ్‌ను ఓడించింది. ఇప్పుడు ఆ పట్టికలోనే నామ్‌ధారి మ్యాచ్ పాయింట్లు కలిపి చూడండి. ఆ ఉదయం కాశీకి కూడా 39 ఉండేవి. అప్పుడు చర్చిల్‌కు డ్రా చాలన్న భరోసా లేదు, కాశీ గెలిస్తే టైటిల్ చేజారుతుంది కనుక గెలుపు కోసమే ఆడాలి. డ్రా చాలనుకున్న జట్టు చివరి అరగంట ఆడే తీరు వేరు, గెలిచి తీరాల్సిన జట్టు ఆడే తీరు వేరు. వెనక ఎంతమందిని ఉంచాలి, ఎవరిని మార్చాలి, ఎప్పుడు తెగించాలి అన్న ప్రతి నిర్ణయమూ పట్టిక చూసి తీసుకునేదే. ఆ పట్టికే నిజం కాదని మూడు నెలల తర్వాత చెబితే, ఆ రోజు ఆడిన 90 నిమిషాలకు అర్థమేమిటి?

నిబంధనావళి

మీ లెక్క సరైనదే. కానీ ఫిర్యాదు నడుస్తోందన్న సంగతి చర్చిల్‌కు తెలియనిది కాదు. క్రమశిక్షణ కమిటీ కాశీకి పాయింట్లు ఇచ్చిన విషయమూ, అప్పీల్‌లో అది నిలిచిపోయిన విషయమూ లీగ్ మొత్తానికి తెలుసు. తీర్పు ఏ వైపైనా రావచ్చని తెలిసిన జట్టు, గెలిస్తే ఎక్కువ భద్రమని తెలిసి కూడా డ్రాతో సరిపెట్టుకుంటే ఆ సాహసం లేకపోవడానికి కాశీ బాధ్యత వహించాలా?

గోల్‌లైన్

ఇది మరీ కఠినం, నిబంధనావళి గారూ. ప్రత్యర్థి గడ్డ మీద, టైటిల్ ఆశ ఇంకా మిగిలి ఉన్న రియల్ కశ్మీర్ ఎదురుగా ఉన్నప్పుడు, తెగించి ముందుకు వెళ్తే గోల్ పడి మ్యాచే చేజారవచ్చు. అలా ఓడిపోయి ఉంటే, అప్పీల్ కాశీకి వ్యతిరేకంగా వచ్చినా కూడా టైటిల్ చర్చిల్ చేతుల్లో ఉండేదన్న భరోసా లేదు. అధికారికంగా ఉన్న పట్టికను నమ్మి ఆడిన జట్టును, రాబోయే తీర్పును ఊహించి ఆడలేదని తప్పుపట్టడం అన్యాయం. జట్టు శిక్షకుడు ప్రత్యర్థిని చదవాలి గానీ కమిటీల మనసును కాదు.

ఇక్కడ గ్యాలరీ గారితో నేను ఏకీభవిస్తున్నాను, అయితే ఆయన ఆగిన చోట ఆగను. సమాఖ్య సీజన్ ముగిసేలోగా తుది నిర్ణయం చెప్పలేకపోతే, మైదానంలో ఉన్న ఫలితమే నిలవాలని నియమం పెట్టుకోవాలి. గడువు దాటిన ఫిర్యాదు పాయింట్లను మార్చకూడదు. జరిమానాలతో, నష్టపరిహారంతో ముగియాలి.

దక్కన్ గ్యాలరీ

గోల్‌లైన్ గారూ, మీరన్న గడువు నియమం పెడితే ఆలస్యం చేయగలిగినవాడే గెలుస్తాడు. అప్పీల్ వేసి, వాయిదా అడిగి, ఏప్రిల్ దాటిస్తే చాలు. గడువు ఉండాల్సింది విచారణకు గానీ న్యాయానికి కాదు.

అది సాధ్యమేనని చెప్పడానికి మరో రెండో అంచె లీగ్ ఉదంతం ఉంది. 2020 జులై 1న ఇంగ్లండ్ చాంపియన్‌షిప్‌లోని విగాన్ అథ్లెటిక్ దివాలా నిర్వహణలోకి వెళ్లింది. దానికి శిక్ష 12 పాయింట్ల కోత. సీజన్ జులై 22న ముగిసింది. మైదానంలో 59 పాయింట్లు సంపాదించి 13వ స్థానంలో ఉండాల్సిన క్లబ్బు 47తో కింది అంచెకు పడిపోయింది. క్లబ్బు అప్పీల్ చేసింది, ఆగస్టు 4న అది తిరస్కరణకు గురైంది. ఆఖరి మ్యాచ్‌కూ తుది మాటకూ మధ్య 13 రోజులే. విగాన్ అభిమానులకు ఆ నిర్ణయం ఎంత చేదుగా ఉన్నా, కోత పడుతుందని తెలిసే ఆ జట్టూ దానితో పోటీపడుతున్న జట్లూ చివరి మ్యాచ్‌లు ఆడాయి. మన దగ్గర 103 రోజులు పట్టింది, అప్పటికి ట్రోఫీ ఒక క్లబ్బు చేతిలోనూ టైటిల్ మరో క్లబ్బు పేరు మీదా ఉన్నాయి.

విశాఖ వింగర్

విగాన్‌ది డబ్బు వ్యవహారం, వాస్తవాల మీద తగాదా లేదు. ఇక్కడ రెండు వివాదాలు ఉన్నాయి కదా. కాశీ తన స్పెయిన్ ఆటగాడు మారియో బార్కోను మళ్లీ నమోదు చేసుకోవడం మీద కూడా ఫిర్యాదు ఉంది. ఆ విషయాన్ని ఇక్కడ ఎవరూ ఎత్తలేదు.

నిబంధనావళి

ఎత్తాల్సిందే, ఎందుకంటే జులై 18 తీర్పు దాని గురించే. గాయపడిన బార్కో స్థానంలో కాశీ మరో విదేశీయుడిని తీసుకుంది, తర్వాత ఇంకో విదేశీ ఆటగాడి స్థానంలో బార్కోను తిరిగి నమోదు చేసింది. ఒకసారి జాబితా నుంచి తప్పించిన ఆటగాడిని అదే సీజన్‌లో తిరిగి తీసుకురావడం చెల్లదని చర్చిల్, నామ్‌ధారి, రియల్ కశ్మీర్ వాదించాయి. సమాఖ్య అప్పీల్ కమిటీ వాటితో ఏకీభవించింది. లొసాన్ న్యాయస్థానం ఆ నిర్ణయాన్ని రద్దు చేసింది.

నాకు ఈ రెండో వివాదమే ఎక్కువ బాధ కలిగిస్తుంది. ఆటగాడి నమోదు సమాఖ్య చేతుల మీదుగా జరిగే పని. దరఖాస్తును స్వీకరించి, అతని పేరును జాబితాలో చేర్చి, మ్యాచ్‌లు ఆడనిచ్చింది సమాఖ్యే. ఆ నమోదును నమ్ముకుని ఆడిన క్లబ్బుకు, ఆ మ్యాచ్‌లన్నీ ఓటములని అదే సమాఖ్య కమిటీ చెప్పడం ఎలా నిలుస్తుంది? నియమం అస్పష్టంగా ఉంటే నమోదు బల్ల దగ్గరే ఆపాలి. నామ్‌ధారి కార్డుల విషయంలోనూ నాది ఇదే ప్రశ్న. కార్డులను లెక్కపెట్టుకోవడం క్లబ్బు బాధ్యత, అందులో సందేహం లేదు. కానీ లెక్కలన్నీ సమాఖ్య దగ్గరే ఉన్నప్పుడు, మ్యాచ్‌కు ముందు ఇచ్చే జట్టు జాబితాలో సస్పెన్షన్‌లో ఉన్నవాడి పేరు కనిపించగానే మ్యాచ్ కమిషనర్ ఆపగలిగే ఏర్పాటు ఉండి ఉంటే ఇంత దూరం వచ్చేదే కాదు.

గోల్‌లైన్

ఈ మాటకు నేను అడ్డు చెప్పను. అయినా ఒక విషయం మిగిలిపోతుంది. జులై 11న ఐఎస్ఎల్ నిర్వాహకులు తర్వాతి సీజన్‌ను నిలిపివేస్తున్నట్టు క్లబ్బులకు తెలియజేశారు. వారం తిరిగేసరికి కాశీ విజేత అయింది. అంటే కాశీ గెలుచుకున్న ద్వారం కూడా ఆ రోజున తెరిచి లేదు. ఈ మూడు నెలల్లో చర్చిల్ ఆటగాళ్లు తాము విజేతలమనే నమ్ముతూ ఉండి ఉంటారు. ఒప్పందాల విషయంలో, వచ్చే సీజన్ ఏ అంచెలో ఆడతామన్న విషయంలో వాళ్లు తీసుకున్న నిర్ణయాలకు బాధ్యత ఎవరిది? న్యాయస్థానం ఖర్చులు పంచింది, ఆటగాళ్ల నష్టాన్ని ఎవరూ లెక్కపెట్టలేదు.

దక్కన్ గ్యాలరీ

అందుకే నేను అడిగేది ఇది. ఐ-లీగ్ నిబంధనల్లో రెండు వాక్యాలు చేర్చాలి. ఆటగాడి అర్హత మీద వచ్చే ఏ ఫిర్యాదుకైనా క్రమశిక్షణ, అప్పీల్ దశలు రెండూ కలిపి 30 రోజుల్లో ముగియాలి. ఆఖరి రెండు వారాల మ్యాచ్‌లలో తలెత్తిన ఫిర్యాదులు తేలేదాకా విజేతను ప్రకటించకూడదు, ట్రోఫీ ఇవ్వకూడదు. లొసాన్‌కు వెళ్లే హక్కు ఎవరికీ పోదు. కానీ జనవరి 13 నాటి ఫిర్యాదు ఫిబ్రవరి మధ్యకల్లా ఇక్కడ ముగిసి ఉంటే, లొసాన్‌కు వెళ్లడానికి కూడా సీజన్ ముగిసేలోపు ఏడు వారాలు ఉండేవి. తీర్పు రాకపోయినా, కనీసం ఏ పట్టికను నమ్మి ఆడాలో చర్చిల్‌కు తెలిసేది.

గోల్‌లైన్

30 రోజులు చాలా ఎక్కువ. 22 మ్యాచ్‌ల లీగ్‌లో నెల అంటే నాలుగైదు మ్యాచ్‌లు గడిచిపోతాయి. కార్డుల లెక్కకు సాక్షులు అక్కరలేదు, రిఫరీ నివేదికలు చాలు. పది రోజులు పెట్టండి, నేనూ సంతకం చేస్తాను.