మహమ్మారి వేళ నడిచేవాళ్ల కోసం రోడ్డులో ఒక వరస తీసెయ్యాలా?

నడక_పిచ్చి:
2020లో చాలా నగరాల్లో జరిగిన గొడవే ఇది. మనిషికీ మనిషికీ మధ్య కనీసం 1 మీటరు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, బ్రిటన్ మొదట్లో 2 మీటర్లు అంది. సరే, ఆ దూరం ఫుట్‌పాత్ మీద ఎక్కడుంది? మనిషి పట్టే చోటు 60 సెంటీమీటర్లు అనుకోండి. ఇద్దరు ఎదురుపడి 1 మీటరు ఎడంగా దాటాలంటే 2.2 మీటర్లు కావాలి. 2 మీటర్ల ఎడమైతే 3.2. ఫుట్‌పాత్ చూస్తే 1.8 మీటర్లు, అందులోనే ఒక కరెంటు స్తంభం, ఒక చెత్త డబ్బా. అంటే ఎవరో ఒకరు బండ్ల మధ్యకు దిగాల్సిందే. పార్కింగ్ వరస ఒక్కటి తీసేస్తే ఇంకో 2 మీటర్లు వస్తుంది. మిలాన్ ఆ ఏప్రిల్‌లోనే 35 కిలోమీటర్ల వీధులను నడకకు, సైకిళ్లకు మారుస్తామంది. మనం ఎందుకు ఆలోచించకూడదు?

స్టీరింగ్_సీను:
లాక్‌డౌన్‌లో ఖాళీ రోడ్డు చూసి ఎవరైనా ఉదారంగా మాట్లాడతారు. బస్సెక్కడానికి భయపడి జనం మళ్లీ సొంత బండ్లు తీస్తే అప్పుడేంటి? అంబులెన్స్ ఎటు పోవాలి? న్యూయార్క్ 2020 మార్చి 27న నాలుగు వీధులను బండ్లకు మూసింది, పదకొండు రోజులకే ఎత్తేసింది. లండన్‌లో ఇలాంటి మార్పుల మీదే టాక్సీ వాళ్లు కోర్టుకెక్కి గెలిచారు కూడా.

నడక_పిచ్చి:
సీనుగారూ, రెండూ సగం సగమే చెప్పారు. న్యూయార్క్ ప్రతి మలుపులో పోలీసులను నిలబెట్టింది, వాళ్లు చాలకే ఎత్తేసింది. అదే నగరం తర్వాత 100 మైళ్ల వీధులను నడిచేవాళ్లకు ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. లండన్‌లో 2021 జనవరిలో హైకోర్టు తప్పుబట్టిన మాట నిజమే, జులైలో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అమెరికాలోనే కాలిఫోర్నియాలో ఉన్న ఓక్లాండ్ అయితే పోలీసుల జోలికే పోలేదు. వీధి మొదట్లో తేలికపాటి అడ్డు, ఒక బోర్డు. అక్కడ ఇల్లున్నవాళ్లు, సరుకులు దించేవాళ్లు వెళ్లొచ్చు, అడ్డదారిగా వాడుకునేవాళ్లు మాత్రం రాకూడదు. అలా 74 మైళ్లు చేస్తామని ప్రకటించారు. బ్రస్సెల్స్ నగరం నడిబొడ్డున కార్ల వేగం గంటకు 20 కిలోమీటర్లకు దించి, రోడ్డంతా నడవొచ్చంది. అంబులెన్స్‌కు ఇబ్బందేముంది?

రాత్రి_డ్యూటీ:
ఓక్లాండ్ కథ మీరూ సగమే చెప్పారు :)
తూర్పు ఓక్లాండ్‌లో ఎక్కువమంది ఇంట్లో కూర్చుని పనిచేసేవాళ్లు కాదు. షికారు వీధి కంటే, కిరాణాకి, ఆసుపత్రికి పోయేటప్పుడు పెద్ద రోడ్డు ప్రాణాలతో దాటడమే వాళ్లకు ముఖ్యం. ఆ మాట విన్నాక, మే నెలలో నగరం ఇంకో పని మొదలుపెట్టింది. అలాంటి చోట్ల రోడ్డు దాటే దగ్గర కోన్‌లు, బోర్డులు పెట్టి బండ్ల వేగం తగ్గించింది. నా గొడవ కూడా ఇదే. నేను ఆ ఏడాదంతా డ్యూటీకి నడిచే వెళ్లాను. రాత్రి ఖాళీ వీధిలో నాకు టెన్షన్ లేదు. టెన్షనంతా మందుల షాపు ముందు. ఇరవై మంది 2 మీటర్ల ఎడంతో నిలబడితే క్యూ దాదాపు 40 మీటర్లు. గోడవారగా నిలబడ్డా ఫుట్‌పాత్ పోయినట్టే. ఎదురుగా సంచి పట్టుకుని ఒక పెద్దాయన వచ్చారు. క్యూలో వాళ్లు జరగలేదు, జరిగితే వంతు పోతుందని భయం. ఆయన ఒక్కో కాలే దింపుతూ రోడ్డు మీదికి దిగారు, వెనక హారన్. కిలోమీటర్లు కిలోమీటర్లు ఎవరడిగారు? అలాంటి చోట 40 మీటర్లు ఇవ్వండి చాలు.

కొత్త_సభ్యుడు:
ఆరుబయట వైరస్ అంటుకోవడం చాలా తక్కువని తర్వాత తేలింది కదా. మరి ఇదంతా దండగేగా?

రాత్రి_డ్యూటీ:
గదుల్లోకంటే బయట తక్కువే, కాదనను. పక్కనుంచి రెండు సెకన్లలో దాటిపోయే మనిషికి నేనూ భయపడను. అరగంట ఒకరి వెనక ఒకరు నిలబడటం వేరు. అందుకే క్యూ అంటున్నా. పైగా ఆ పెద్దాయనకు ముప్పు వైరస్‌తో కాదు, లారీతో.

తెల్లకర్ర:
ఎవరూ అడగలేదు గానీ నేనూ ఒకటి చెప్తాను. నాకు చూపు లేదు. తాత్కాలిక దారి అని రోడ్డులో కోన్‌లు పెట్టి, వాటి మధ్య నడుము ఎత్తులో రిబ్బన్ కడతారు. నా కర్ర నేల మీద పోతుంది, రిబ్బన్ కింద నుంచి దూరిపోతుంది. రిబ్బన్ పొట్టకు తగిలాకే నాకు తెలిసేది. ఫుట్‌పాత్ అంచు ఉంటేనే నాకు దారి. మీరు రోడ్డును కూడా నడకదారి చేస్తే ఆ అంచు ఎక్కడ? కింద కర్రకు తగిలేలా పలకలు పెట్టండి. చక్రాల కుర్చీ వాళ్లకైతే అంచు దిగడానికి ర్యాంపు లేకపోతే మీ 2 మీటర్లు ఉన్నా లేనట్టే. అన్నట్టు, సిడ్నీలో చేసిన ఒక పని నాకు నచ్చింది. నగరం మధ్యలో సిగ్నళ్ల దగ్గర బటన్ నొక్కక్కర్లేకుండా నడిచేవాళ్ల పచ్చలైటు దానంతటదే వచ్చేలా మార్చారు. ముట్టుకునే బాధ లేదు, గోడలేవీ కట్టక్కర్లేదు.

నడక_పిచ్చి:
రిబ్బన్ సంగతి నాకు తట్టనే లేదండి. వెడల్పు లెక్కలోనే ఉండిపోయాను.

స్టీరింగ్_సీను:
క్యూలు, బస్టాపులు, ఆసుపత్రి గేట్ల దగ్గర ముప్ఫై నలభై మీటర్లంటే నాకూ అభ్యంతరం లేదు. మొత్తం వీధులంటేనే ఒప్పుకోను. ఒక్క షరతు, ఎప్పుడు తీసేస్తారో తేదీ బోర్డు మీద రాయాలి. తాత్కాలికం అని పెట్టింది ఊరికే పోదు.

నడక_పిచ్చి:
తేదీ రాయండి, నాకూ ఇష్టమే. కానీ ఆ రోజు వచ్చాక తీసేసే ముందు ఒక పూట నిలబడి ఎంతమంది నడుస్తున్నారో లెక్కపెట్టాలి. బండ్లను లెక్కపెడతారు, మనుషులను ఎవరూ లెక్కపెట్టరు.

తెల్లకర్ర:
బోర్డు పెట్టండి, తేదీ రాయండి, ఏమైనా చేయండి. ఆ బోర్డును మాత్రం ఫుట్‌పాత్ మధ్యలో పెట్టకండి మహాప్రభో.