లొల్ల లాకుల నుంచి సఖినేటిపల్లి దాకా కాలువగట్టున సైకిలు, ఆపైన మారేడుమిల్లి: ఎప్పుడు, ఏ టైర్లతో?

ప్రశ్న (తణుకు సైకిలిస్టు)

నమస్కారమండి. మాది తణుకు దగ్గర ఒక పల్లె. నాలుగేళ్లుగా తారురోడ్ల మీద సైకిలు తొక్కుతున్నాను. లారీల మధ్య తొక్కీ తొక్కీ విసిగిపోయి, ఈసారి పెద్దరోడ్డు వీలైనంత తగలకుండా కాలువగట్ల వెంబడి రెండు రోజులు ప్రయాణం చేయాలనుకుంటున్నాను. విజ్జేశ్వరం వైపు నుంచి బ్యారేజీ దాటి బొబ్బర్లంక చేరుకోవడం, అక్కడి నుంచి మధ్యడెల్టా ప్రధాన కాలువ పక్కనే ఆత్రేయపురం మీదుగా లొల్ల లాకులకు (కాలువ నీటిని ఆపి వదిలే గేట్లు), అటుపైన పి.గన్నవరం, రాజోలు మీదుగా సఖినేటిపల్లికి వెళ్లి, పంటు (బండ్లను కూడా దాటించే బల్లకట్టు పడవ) మీద గోదావరి పాయ వశిష్ఠ దాటి నరసాపురంలో దిగడం నా ఆలోచన. వారం గడిచాక మారేడుమిల్లి అడవిలో ఒక రోజు మట్టిదారులు తొక్కాలని కూడా ఉంది. సైకిలు హైబ్రిడ్, టైర్లు 35 మిల్లీమీటర్లవి, లోపల ట్యూబులే. డిసెంబరు రెండో వారంలో సెలవు దొరికింది. గట్టు దారులు ఆ సమయంలో ఎలా ఉంటాయి, ఈ టైర్లు సరిపోతాయా, అడవిలోకి వెళ్లడానికి ఎవరిని అడగాలి అన్నవి అనుభవమున్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం (లాకుల దగ్గరి మనిషి)

మీరు టైర్ల గురించి అడిగారు గానీ, నేను ముందుగా తేదీ గురించే చెప్పాలి. ఇరిగేషన్ శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి, సర్వీసులో సగం కాలం ఈ గట్ల మీదే నడిచాను. కాలువగట్టు ఏ నెలలో ఎలా ఉంటుందో వానలకన్నా ఎక్కువగా పంటలే నిర్ణయిస్తాయి. డిసెంబరు రెండో వారానికి సార్వా (వానాకాలపు వరి) కోతలు చాలాచోట్ల అయిపోయినా, ధాన్యం మాత్రం గట్టుమీద ఆరబోసి ఉంటుంది. రైతుకు అంత పొడవైన ఎండ తగిలే కళ్లం మరొకటి దొరకదు కాబట్టి ఆ రోజుల్లో గట్టు అతనిదే అనుకోవాలి. దాని వెంటనే దాళ్వాకు (రెండో పంట వరికి) దమ్ము, అంటే నీళ్లు పెట్టి బురదగా దున్నడం, మొదలవుతుంది. దమ్ముచక్రాలు తగిలించిన ట్రాక్టర్లు చేలోంచి చేలోకి గట్టుమీదుగానే వెళ్తాయి. ఆ ఇనుపచక్రాలు గ్రావెల్‌ను పెళ్లగించి, నల్లమట్టిని బెడ్డలుగా రాల్చిపోతాయి. అవి ఎండాక మీ సైకిలుకు ఎదురయ్యేది దారి కాదు, దున్నిన చేనే. తుపాను భయం కూడా డిసెంబరు దాకా ఉంటుంది.

అందుచేత సెలవు మార్చుకునే వీలుంటే సంక్రాంతి దాటాక, నాట్లు ముగిసే సమయానికి పెట్టుకోండి. అప్పటి నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా గట్టు గట్టిగా ఉంటుంది, కాలువ నిండుగా పారుతుంది, పొద్దుటిపూట చల్లగా ఉంటుంది. వేసవిలో కాలువలు కట్టేశాక మాత్రం రావద్దు. పూడిక తీసిన మన్నంతా తెచ్చి గట్టుమీదే పోస్తారు, పొక్లెయిన్లు తిరుగుతుంటాయి. మళ్లీ జూనులో నీళ్లు వదిలాకగానీ ఆ మట్టి అణగదు.

ఇంకొక సంగతి. మావైపు ఏటిగట్టు వేరు, కాలువగట్టు వేరు. ఏటిగట్టు గోదావరి వరదను ఆపడానికి వేసిన ఎత్తైన కట్ట. 1986 వరద తరువాత దాన్ని మరింత ఎత్తు చేసి బలపరిచారు. చాలాచోట్ల దానిమీద తారు పడి ఇప్పుడు బస్సులూ లారీలూ తిరుగుతున్నాయి. మీకు కావలసింది కాలువగట్టు. అందులోనూ రెండు గట్లూ ఒకలాగా ఉండవు. శాఖ జీపు వెళ్లేందుకు ఒకవైపు గట్టునే వెడల్పుగా ఉంచుతారు, రెండోవైపు దారి ముళ్లకంపల్లో కలిసిపోతుంది. దారి సన్నబడుతోందని అనిపించగానే ముందుకు తోసుకుపోకుండా దగ్గరున్న వంతెన దగ్గరో లాకుల దగ్గరో అవతలి గట్టుకు మారండి.

ఆ గట్టు అసలు ఎందుకు ఏర్పడిందో కూడా తెలుసుకుని తొక్కితే బాగుంటుంది. 1852లో ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొర ఈ కాలువలను సాగుకోసమే కాక పడవలు నడవడానికి కూడా తవ్వించాడు. లాకులు కట్టింది అందుకే. గాలి లేనప్పుడు పడవవాళ్లు నడుముకు తాడు బిగించుకుని గట్టున నడుస్తూ పడవను లాక్కుపోయేవారు. మీరు తొక్కబోయేది వాళ్ల కాలిబాటనే. లొల్ల దగ్గర ప్రధాన కాలువ పాయలుగా చీలిపోతుంది. అక్కడ కాసేపు ఆగి, గేట్ల కింద నీళ్లు ఎలా పంచుకుపోతాయో చూడండి. పి.గన్నవరం దగ్గర కాలువ నీళ్లు గోదావరి వైనతేయ పాయను పైనుంచి దాటిపోవడం కూడా తప్పక చూడవలసిందే. డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టిన అక్విడక్టు అదే.

సమాధానం (పల్లేరుకాయ)

పెద్దవారు చెప్పిన నల్లమట్టి మాట అక్షరాలా నిజం. మూడేళ్ల కిందట ఒక చిన్న జల్లు పడిన గంటకే తొందరపడి గట్టెక్కాను. వంద గజాలు వెళ్లేసరికి మట్టి టైరుకు పొరలు పొరలుగా చుట్టుకుని ఫోర్కు మధ్య ఇరుక్కుపోయింది, చక్రం తిరగడమే మానేసింది. కొబ్బరిమట్ట చీల్చి ఆ పుల్లతో గీకి మట్టి తీయడం, పది గజాలు తోయడం, మళ్లీ గీకడం. అలా అర కిలోమీటరుకు గంట పట్టింది. అందుకే టైరు వెడల్పు ఎంత ముఖ్యమో, టైరుకూ ఫోర్కుకూ మధ్య ఖాళీ అంతే ముఖ్యం. మీ సైకిలుకు 40 మిల్లీమీటర్ల టైరు వేసినా ఇరువైపులా వేలు దూరేంత సందు మిగిలేటట్టయితే 40 వేయించండి. లేకపోతే 35తోనే వెళ్లండి. ఎండు గట్టు మీద 35 సరిపోతుంది, ఇరుకు సందులో దూర్చిన 40 మాత్రం ఏడిపిస్తుంది. మడ్‌గార్డులు ఉంటే విప్పేయండి.

గాలి విషయంలో తారురోడ్డు అలవాటు వదులుకోవాలి. డెబ్బై కిలోల మనిషికి 35 టైరులో ట్యూబుతో 50 పాయింట్ల (పీఎస్ఐ) దాకా పెడితే గులకరాళ్ల మీద చక్రం ఎగరకుండా పట్టు దొరుకుతుంది. అలాగని మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి, పాము కాటులా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. నేను ఒకసారి 30కి తగ్గించి ఒకే పూటలో రెండు ట్యూబులు పోగొట్టుకున్నాను.

ఇక నా పేరుకు కారణమైన పల్లేరు. గట్టు అంచున పసుపుపూలతో నేలకు అంటుకుని పాకే మొక్క కనబడితే చక్రం అటు పోనివ్వకండి. సర్కారు తుమ్మ ముల్లు కంటికి కనిపిస్తుంది, పల్లేరుకాయ మట్టిరంగులో కలిసిపోతుంది. ఎటు తిరిగి పడినా దాని ముల్లొకటి పైకే నిలుస్తుంది. పంక్చరు పడ్డాక కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపలంతా వేలితో మెల్లగా తడిమి చూడండి. లోపల విరిగి ఉండిపోయిన ముల్లు మొనను వదిలేసినందువల్లే నా కొత్త ట్యూబు పది నిమిషాల్లో కూర్చుంది. రెండు ట్యూబులు, ప్యాచీలు, చిన్న పంపు తప్పనిసరిగా తీసుకెళ్లండి.

బయలుదేరడం మాత్రం తెల్లవారగానే. మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి ఎదురొస్తుంది, మీరు వెళ్లేది సముద్రం వైపే. రేవుల దగ్గర దిగి నడవండి. బట్టలు ఉతుకుతున్నవాళ్లు, స్నానాలు చేస్తున్నవాళ్లు ఉంటారు, వాళ్ల ముందునుంచి దూసుకుపోవడం మర్యాద కాదు, ఫొటోలు అసలే వద్దు. గేదెలు ఎదురైతే కాలువ వైపు కాక చేను వైపు ఆగండి, అవి నీళ్లలోకి దిగిపోయాక వెళ్లవచ్చు. పొద్దు వాలాక గట్టుమీద తొక్కకండి. ఆ వేళకు రక్తపింజరి ఎలుకల కోసం బయటికి వస్తుంది, ఎండుగడ్డిలో దాన్ని పోల్చుకోవడం పగలే కష్టం.

సమాధానం (మన్యం దారి)

అడవి గురించి క్లుప్తంగా రాస్తాను, ఎందుకంటే అక్కడ మొదటి పని సైకిలుది కాదు, అనుమతిది. మారేడుమిల్లి చుట్టూ రిజర్వు అడవి ఉంది. దగ్గరలోని పాపికొండలు జాతీయ ఉద్యానంలోకైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదు. కాబట్టి వెళ్లడానికి వారం ముందే రేంజి ఆఫీసులో అడిగి, ఏ దారి వరకు వెళ్లవచ్చో స్పష్టంగా తెలుసుకోండి. ఊరిలో కొండరెడ్డి తెగ కుర్రవాడొకరిని దారి చూపడానికి వెంట తీసుకువెళ్లి, అతని కూలి ముందే మాట్లాడుకోండి. మ్యాపులో గీతలా కనిపించేది చాలాసార్లు పశువులదారో వాగుదారో అవుతుంది, ఫోను సిగ్నలు కొండ మలుపు తిరిగితే ఉండదు.

అక్కడి నేల డెల్టా నేలకు పూర్తిగా వేరు. ఎర్రటి గరుకు మట్టి, దానిమీద పొడి ఆకులు, ఆకుల కింద దొర్లే రాళ్లు. దిగుడులో ముందు బ్రేకు ఒక్కటే నొక్కితే చక్రం జారుతుంది. పిరుదులు సీటు వెనక్కి జరిపి, రెండు బ్రేకులూ కొద్దికొద్దిగా వాడుతూ దిగాలి. వెదురు పొదల పక్కన నేలపై పడిన ముళ్లకొమ్మలను పక్కకు తోసి వెళ్లండి. వాగులు దాటేటప్పుడు రాళ్లమీది పాచి చూసుకుని సైకిలు భుజానికెత్తుకోండి. ఏజెన్సీలో మలేరియా ఉంది కనుక సాయంత్రానికి నిండుచేతుల చొక్కా, దోమల మందు మరచిపోవద్దు. మార్చి దాటితే ఆకు ఎండి నిప్పు భయం ఎక్కువవుతుంది. ఫిబ్రవరిలోపే రండి.

తణుకు సైకిలిస్టు

ముగ్గురికీ కృతజ్ఞతలండి. సెలవు జనవరి నాలుగో వారానికి మార్చుకున్నాను. సైకిలుషాపులో చూపించాను, ఫోర్కు దగ్గర సందు తక్కువగా ఉంది, అందుకని 35తోనే వెళ్తాను. ఒక్క సందేహం మిగిలింది. సఖినేటిపల్లి పంటు మీద సైకిలు ఎక్కించుకుంటారా?

లాకుల దగ్గరి మనిషి

మోటారుసైకిళ్లు, ఆటోలు ఎక్కే పంటు అది, మీ సైకిలుకు ఇబ్బంది లేదు. జనవరిలో వరద ఉండదు కాబట్టి ఆపేస్తారన్న భయం కూడా లేదు. అయినా రేవుకు వెలుతురు ఉండగానే చేరుకునేలా రాజోలు నుంచి రెండు గంటలు చేతిలో పెట్టుకుని బయలుదేరండి. బోల్తా పడకుండా సైకిలును రెయిలింగుకు తువ్వాలుతో కట్టేయండి, దిగేటప్పుడు బండ్లన్నీ దిగాకే దిగండి.