“ఇంకెందుకు ఆడాలి?”: కోరస్‌ని వంత అనవచ్చా?

ప్రశ్న: గ్రీకు విషాద నాటకాల్లో గుంపుగా ఆడుతూ పాడే కోరస్‌కి తెలుగులో ‘వంత’ అంటే సరిపోతుందా? బుర్రకథలో అటొకరు ఇటొకరు ఉంటారు కదా, ఆ లెక్కన.

జవాబు: నాకైతే సరిపోదనిపిస్తోంది. సోఫోక్లీస్ ‘ఈడిపస్ రాజు’లో ఒక్క పాట చూడండి. తన మొదటి భర్త లాయియస్ కొడుకు చేతిలో చస్తాడని జోస్యం చెప్పారు, తీరా చూస్తే మూడు దారులు కలిసేచోట దొంగలు చంపారు, ఇక ఈ జోస్యాలను నేను లెక్కచేయను అంటుంది రాణి యొకాస్తా. ఆమె, రాజు ఈడిపస్ లోపలికి వెళ్లగానే కోరస్, అంటే తీబ్స్ నగరపు పెద్దలు, పాట ఎత్తుకుంటారు. దేవుణ్ణి లెక్కచేయని ఇలాంటి పనులకే గౌరవం దక్కితే ‘తి దెయ్ మె ఖొరెవెయిన్’ అంటారు. అంటే, ‘నేనెందుకు ఆడాలి?’

చిక్కంతా ఆ క్రియలోనే ఉంది. ఖొరెవెయిన్‌కీ, మన ‘కోరస్’కీ మూలమైన ఖొరోస్ అంటే గుంపుగా ఆడుతూ పాడటం. (ఆర్కెస్ట్రా అన్నా వాళ్లకు వాయిద్యాలు కాదు, ఆ ఆడే చోటు. మన పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాకి తెలిస్తే ఏమంటుందో!) కథలో అడుగుతున్నది తీబ్స్ ముసలివాళ్లు. కానీ ఏథెన్స్ కోటకొండ అక్రోపొలిస్ దక్షిణపు వాలులో, నాటకాల దేవుడు డయొనైసస్ పండగలో, ముసుగులు పెట్టుకుని నిజంగా ఆడుతున్నది 15 మంది ఏథెన్స్ పౌరులు. ఆ ఆటే దేవుడికి కొలుపు. అందుకే ‘నాట్యమెందుకు?’ అంటే చప్పగా ఉంటుంది, ‘పూజెందుకు?’ అంటే కాళ్లు ఆగిపోతాయి. నేనైతే ‘ఇంకెందుకు ఆడి కొలవడం?’ అంటాను.

ఆ వెంటనే, జోస్యాలు నిజమని తేలకపోతే జోస్యాలు చెప్పే గుళ్లున్న డెల్ఫీకి పోను, అబాయ్‌కి పోను, ఒలింపియాకీ పోను అంటారు. పాపం, లాయియస్‌ని చంపిన ఆ కొడుకు ఈడిపసే కాబట్టి, అవి నిజమైతే మునిగేది తమ రాజేనని వాళ్లకింకా తెలియదు.

వ్యాఖ్య: వంతల్ని మరీ తీసిపారేయకండి. హాస్యం చెప్పే వంత కథకుణ్ణి నిలదీస్తాడు కూడా.

జవాబు: నిజమే అండీ, ఆ మాట తొందరపడి అన్నాను. అయితే వంత అడిగేది కథకుణ్ణి. వీళ్లు అడిగేది దేవుణ్ణి, అదీ ఆయన పండగలోనే. ‘కోరస్’ని అలాగే ఉంచేద్దాం, క్రియ దగ్గర మాత్రం ‘ఆడి కొలవడం’ వదలను. ఇంకో సంగతి: ఆ పాట అయిపోగానే జోస్యాలను కొట్టిపారేసిన యొకాస్తాయే దండలు, ధూపం పట్టుకుని, జోస్యాల దేవుడు అపోలో దగ్గరికి మొక్కడానికి వస్తుంది.