మనిషి నడక డేటా ఎక్కించినా రెండు కాళ్ల రోబో మూడో అడుగుకే పడిపోతోంది

ప్రశ్న:
తుంటికి రెండు, మోకాళ్లకు రెండు, మొత్తం నాలుగు మోటార్లు. చీలమండలు లేవు, గుండ్రటి పాదాలు. పక్కకు పడకుండా బూమ్‌కు (పక్కనుంచి పట్టి ఉంచే పొడవాటి కడ్డీ) బిగించాం. కాలు పొడవు 50 సెం.మీ. 90 సెం.మీ. కాళ్లున్న మనిషి సెకనుకు 1.4 మీటర్ల వేగంతో నడిచినప్పటి కోణాలను టైమర్ ప్రకారం పీడీ కంట్రోలర్‌కు (కోణంలోని తేడాను, అది మారే వేగాన్ని బట్టి మోటారును నడిపేది) ఇస్తున్నాం. మూడో అడుగులో పాదం నేలకు తగిలి బోర్లా పడుతోంది. గెయిన్లు (తేడాకు ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే అంకెలు) పెంచితే మోటార్లు కాలిపోయేలా ఉన్నాయి.

జవాబు:
గెయిన్ల జోలికి ఇప్పుడే పోకండి, ముందు టైమర్ తీసేయండి. రోబో కాస్త వెనకబడినా గడియారం ఆగదు కదా, ఒళ్లు ముందుకు రాకముందే గాల్లోని కాలు దిగిపోతుంది. నేలమీది పాదం నుంచి తుంటి ఎంత ముందుకొచ్చిందో కొలిచి, అడుగు మొదట్లో 0, చివర్లో 1 అయ్యేలా మార్చండి. కోణాలన్నీ ఆ అంకెను బట్టే నడవాలి. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో రాబిట్ అనే రెండు కాళ్ల రోబో ఇలాగే నడిచింది. దానికీ నాలుగు మోటార్లే.

వేగం కూడా తగ్గించాలి. కాలు పొడవు వర్గమూలం లెక్కన మీ రోబోకు 1.4 కాస్తా 1.04 అవుతుంది. మనిషి అడుగుకు 0.55 సెకన్లు పడితే దీనికి 0.41.

ఇంకో జవాబు:
పాదం తగలడానికి కారణం వేరే ఉంది. నడిచేటప్పుడు మనిషి కాలివేళ్లు నేలకు ఒకటి రెండు సెంటీమీటర్ల ఎత్తులోనే సాగుతాయి. మీ కొలతకు అది 6 మి.మీ. దాకా పడిపోవచ్చు. మోకాలు 2 డిగ్రీలు తక్కువ మడిస్తే 25 సెం.మీ. పిక్క భాగంతోనే 5 మి.మీ. పైగా పోతుంది, నేలమీది మోకాలు కుంగితే మిగిలిందీ పోతుంది. నడకలో మనిషి మోకాలు గరిష్ఠంగా సుమారు 60 డిగ్రీలు మడుస్తాడు, మీరు 70–75 పెట్టండి. అచ్చం మనిషిలా కనబడకపోతే పోనీయండి.

పాదం ఆనిన క్షణంలో కీళ్ల వేగాలు ఒక్కసారిగా మారతాయి. పాత వేగాన్నే అడిగితే టార్క్ (మోటారు తిప్పే బలం) ఎగిరిపడుతుంది, మోటార్లు వేడెక్కేది అక్కడే. అప్పుడున్న కోణం, వేగం నుంచే మొదలుపెట్టి, పై జవాబులోని 0–1 అంకె 0.5 చేరేసరికి అసలు కోణాల గీతలో కలిసే మూడో ఘాత వక్రం వేయండి. పాదం ఆనిందని చెప్పే స్పర్శ సెన్సార్‌ను ఆ అంకె 0.6 దాటాకే నమ్మండి.

మళ్లీ ప్రశ్న:
టైమర్ తీశాక పడటం లేదు గానీ, నాలుగైదు అడుగులకు ఆగిపోతోంది.

జవాబు:
మనిషి చీలమండతో వెనక్కి తన్నే శక్తి మీ రోబోకు లేదు, ప్రతి తాకిడికీ కొంత వేగం పోతుంది. మొండెం 5–8 డిగ్రీలు ముందుకు వంచి, నేలమీది తుంటి మోటారుతో ఆ వంపును నిలబెట్టండి. వేగం మరీ పెరిగితే 1980లలో మార్క్ రైబర్ట్ గెంతే రోబోలకు వాడిన సూత్రం చాలు: అడుగు కాలంలో సగాన్ని వేగంతో గుణించి, ఉన్న వేగంలోంచి కావలసిన వేగాన్ని తీసేసిన తేడాను గెయిన్‌తో గుణించి కలిపితే, పాదం తుంటికి ఎంత ముందు పడాలో వస్తుంది. మీ కొలతలకు గెయిన్ 0.03 సెకన్ల దగ్గర మొదలుపెట్టండి. 0.1 దాటితే ఒక అడుగు వేగంగా, మరో అడుగు నెమ్మదిగా ఊగుతుంది. ఈ సవరణ అడుగు రెండో సగంలోనే చేయండి. పాదం 1 సెం.మీ. జరగాలంటే తుంటి దగ్గర సుమారు 1.15 డిగ్రీలు తిప్పాలి.