తొలి పడవకు కిట్ కొనడం మేలా, నక్షా కొని పలకలు మనమే కోసుకోవడం మేలా?

గ్యారేజీ వడ్రంగి (ఇంగ్లండ్):
ఇద్దరు కూర్చోగల చిన్న చెక్క పడవను ఇంట్లోనే కట్టాలని ఉంది. యంత్రంపై కోసిన ప్లైవుడ్ ముక్కలు, వాటిని అంచుల వెంట కుట్టే రాగి తీగ, ఆ అతుకులను పట్టి ఉంచే ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) అన్నీ కలిసి వచ్చే కిట్ ఒక దారి. నక్షా మాత్రమే కొని, పలకలు నేనే గీసి కోసుకోవడం రెండో దారి. రెండోదానిలో డబ్బు మిగులుతుందని, పనీ వస్తుందని మిత్రులు అంటున్నారు. పెద్దలు తమ అభిప్రాయం తెలుపగలరు.

కోరంగి రేవు (కాకినాడ):
నా ఓటు నక్షాకే. చదునైన పలకపై గీసిన గీత పడవలో ఏ వంపుగా మారుతుందో కంటితో పట్టుకోవడమే ఈ పనిలో మొదటి పాఠం. కిట్‌లో ఆ పాఠం ఇంకెవరో చదివేసి ఉంటారు. ప్లైవుడ్ పలక పొడవు సాధారణంగా ఎనిమిది అడుగులే కనుక, పడవ అంతకు మించితే రెండు పలకల అంచులను చిత్రికతో ఏటవాలుగా చెక్కి అతకాలి. వాలు పొడవు పలక మందానికి ఎనిమిది రెట్లు ఉండాలి, అంటే 6 మిల్లీమీటర్ల పలకకు 48 మిల్లీమీటర్లు. ఈ అతుకు చేతనైనవారికి రేపు పలక పగిలినా మరమ్మతు చేతనవుతుంది.

రంపపు పొట్టు:
అతుకు విలువను కాదనను, కాని తొలి పడవకే అది కావాలనడం సరికాదు. పడవల రూపకర్త జాక్ హోల్ట్, టీవీలో ఇంటి పనులు నేర్పిన బారీ బక్నెల్ రూపొందించగా, 1963లో బ్రిటన్‌లో డైలీ మిర్రర్ పత్రిక ప్రచారంతో బయటికి వచ్చిన మిర్రర్ డింగీ, సుమారు 3.3 మీటర్ల పొడవున్న పడవ, కిట్‌గానే ఇళ్లకు చేరింది. అలాంటివి మొత్తం 70,000కు పైగా తయారయ్యాయి. కట్టినవారిలో వడ్రంగం వృత్తి కానివారు ఎందరో.

పైగా కిట్ కొన్నంత మాత్రాన కష్టమైన పని తప్పదు. మన కోస్తాలో కొబ్బరినారతో పలకలు కుట్టిన మసూలా పడవలో ఆ కుట్టే పడవను పట్టి ఉంచేది. ఈ కిట్ పడవలో ఎపాక్సీ గట్టిపడ్డాక తీగను సాధారణంగా తీసివేస్తారు కనుక, బలమంతా కీలులో (రెండు పలకలు కలిసే చోట) నింపిన ఎపాక్సీ ముద్ద మీద, దానిపై అంటించిన గాజునార పట్టీ మీద ఆధారపడుతుంది. త్వరగా ఆరాలని గట్టిపరిచే ద్రవాన్ని ఎక్కువ పోస్తే ఎపాక్సీ మెత్తగానే మిగిలిపోతుంది. చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకండి. ఒకసారి అలర్జీ పుట్టిందంటే అది జీవితాంతం వదలకపోవచ్చు. పలకల అంచులకు పూత సరిగా పట్టకపోతే నీరు అక్కడి నుంచే లోపలికి పాకుతుంది. వీటిలో ఏదీ యంత్రం చేసిపెట్టదు.

కోరంగి రేవు:
కీలు సంగతి ఒప్పుకున్నాను. ఖర్చు సంగతి మాత్రం ఊరిని బట్టి మారుతుంది. ఇక్కడికి కిట్ తెప్పిస్తే ఓడ బాడుగ, సుంకం అదనం. అదే ఐఎస్ 710 (నీటికి తట్టుకునే ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్, వంటింటి అరల పుణ్యమా అని, మన బజారులోనే దొరుకుతుంది; అది 72 గంటలు నీటిలో మరిగించే పరీక్షకు నిలవాలి. అయితే ముద్రను నమ్మి ఊరుకోకుండా, కోసిన అంచులో పొరల మధ్య ఖాళీలున్నాయేమో చూసుకోవాలి.

గ్యారేజీ వడ్రంగి గారు ఇంగ్లండ్‌లో ఉన్నారు కనుక కిట్ కొంటానంటే అడ్డుచెప్పను. డబ్బు కట్టే ముందు, ప్రతి ముక్క కొలతలూ ఉన్న నక్షా కూడా కిట్‌తో ఇస్తారా అని అమ్మేవారిని అడగండి. అది లేకపోతే, ఒక పలక పాడైన రోజున మళ్లీ వారి గుమ్మమే ఎక్కాలి.