బీఈడీ ఇంగ్లీషు మెథడాలజీ: ఉచ్చారణ, తరగతిలో తెలుగు వాడకంపై అనుభవజ్ఞుల సలహా కావాలి

అందరికీ నమస్కారం. పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివిన నేను ఇప్పుడు ఇంగ్లీషు మెథడాలజీతో (ఇంగ్లీషు బోధనా పద్ధతులు) బీఈడీ రెండవ సంవత్సరంలో ఉన్నాను. ఈ రెండేళ్ల కోర్సులో తప్పనిసరి అయిన 20 వారాల ఇంటర్న్‌షిప్‌లో భాగంగా ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఎనిమిదవ తరగతికి పాఠాలు చెబుతున్నాను.

వ్యాకరణం చెప్పడంలో నాకు ఇబ్బంది లేదు. నా భయమంతా ఉచ్చారణ గురించే. పశువైద్యుడనే అర్థంలోని ‘వెట్’ (vet), తడి అనే అర్థంలోని ‘వెట్’ (wet) మన లిపిలో ఒకేలా ఉన్నట్టే నా నోటిలోనూ ఒకేలా పలుకుతున్నాయి. ‘ఫొటోగ్రాఫ్’లో మొదటి అక్షరం మీద ఉండే ఊనిక (నొక్కి పలకడం) ‘ఫొటోగ్రఫీ’లో రెండవ అక్షరానికి మారుతుందని పుస్తకంలో చదివాను గానీ, మాట్లాడేటప్పుడు అది నిలవడం లేదు. నా తప్పే పిల్లలకు అలవాటవుతుందేమోనన్న దిగులు నన్ను వదలడం లేదు. వినికిడి, ఉచ్చారణ రెండూ సరిచేసుకోవడానికి రోజూ ఎటువంటి సాధన చేయాలి? ఇఫ్లూ (హైదరాబాద్‌లోని ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) వంటి సంస్థల్లో ఇంగ్లీషు బోధనకు ప్రత్యేక శిక్షణ పొందినవారు ఉంటే, అది తరగతి గదిలో ఎంతవరకు ఉపయోగపడిందో దయచేసి తెలపండి.

మరొక సందేహం. పాఠం పూర్తిగా ఇంగ్లీషులోనే సాగాలని మా పర్యవేక్షకులు అంటారు. అలా చెప్పిన రోజున పిల్లలు మౌనంగా కూర్చుంటారు, కథా సందర్భాన్ని ముందుగా రెండు మూడు తెలుగు వాక్యాల్లో చెబితే మాత్రం వాళ్లే ఇంగ్లీషులో జవాబులకు ప్రయత్నిస్తారు. నాకు రెండవ పద్ధతే సరైనదనిపిస్తోంది. అయితే ఆ తెలుగును ఎప్పుడు, ఎలా తగ్గించుకుంటూ రావాలి?